పాడైన ఆటపెట్టె చెప్పు పాఠము

కర్నూలు జిల్లాలోని కొన్ని పల్లెలకు టెలివిజను 1975 ఆగస్టు 1వ తేదీన వచ్చెను. అప్పటికి హైదరాబాదు నగరమునకే దూరదర్శన్ కేంద్రము లేదు. అది 1977 అక్టోబరు 23న ప్రారంభమయ్యెను. అమెరికావారి ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహము నుండి నేరుగా పల్లెలకు బొమ్మలను, మాటలను పంపిన ఆ ప్రయోగమునకు ‘సైట్’ అని పేరు. ఆరు రాష్ట్రములలో, 20 జిల్లాలలో, సుమారు 2,400 గ్రామములు అందుకు ఎన్నికయ్యెను. కోళ్ల గూళ్లకు వాడునట్టి ఇనుప జాలితో పది అడుగుల గొడుగును చేసి, ఊరి బడిమీదనో చావడిమీదనో నిలిపిరి. టెలివిజను పెట్టెలను హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. సంస్థ తయారు చేసెను. ప్రయోగము ఒక ఏడాది నడచి, 1976 జూలై 31న ముగిసెను.

ఆ ప్రయోగమున మరమ్మతు అనునది పిదప తోచిన పని కాదు. మొదటినుండియు పథకములోని భాగమే. దుమ్ము, ఎండ, హెచ్చుతగ్గుల విద్యుత్తు గల పల్లెలో పెట్టెను నిలుపుట ఒక యెత్తు, దానిని నడపుచుండుట మరియొక యెత్తు అని ఇంజనీర్లు ముందే ఎరిగియుండిరి. రాయలసీమలో ఏ యంత్రమునకైనను ఈ మాట వర్తించును. తరువాత సుమారు ఇరువది ఏండ్లకు టెలివిజను వెనుక నుండు ఏరియలు రంధ్రములో వేరొక తీగ వచ్చి దూరెను. అది వీడియో గేము తీగ. దాని కథయే ఈ వ్యాసమునకు విషయము.

ఆటపెట్టె పుట్టుక

టెలివిజను తెర చూచుటకే గాక ఆడుటకును పనికివచ్చునని 1966లో తలపోసినవాడు రాల్ఫ్ బేర్ అను అమెరికా ఇంజనీరు. ఆయన కృషి ఫలితముగా 1972లో మాగ్నవాక్స్ సంస్థ ‘ఒడిస్సీ’ అను ఆటపెట్టెను అమ్మెను. అందులో నేటి అర్థమున కంప్యూటరు లేదు. కొన్ని ట్రాన్సిస్టర్లు, డయోడ్లు కలిసి తెరపై రెండు మూడు తెల్లని చుక్కలను కదలించెడివి. మైదానము, వల మొదలగు చిత్రములు గల రంగుల ప్లాస్టిక్ కాగితమును ఆడువారే తెరపై అంటించుకొనవలసి యుండెను.

1975లో 6502 అను మైక్రోప్రాసెసరు వెలువడెను. సుమారు 3,500 ట్రాన్సిస్టర్లు గల ఈ చిన్న బిళ్లను 25 డాలర్లకే అమ్ముటతో ఇంటి యంత్రములలో కంప్యూటరును పెట్టుట సాధ్యమయ్యెను. జపానులోని క్యోటో నగరమున నింటెండో సంస్థలో మసయుకి ఉయెముర నాయకత్వమున ఇంజనీర్లు ఇదే జాతికి చెందిన ప్రాసెసరుతో ‘ఫ్యామికామ్’ అను ఆటపెట్టెను రూపొందించిరి. అది 1983 జూలై 15న 14,800 యెన్లకు విపణికి వచ్చెను. మొదటి కొన్ని పెట్టెలు ఆట నడుమ ఆగిపోవుచుండగా, సంస్థ వానిని వెనుకకు రప్పించి, లోపలి పలకను మార్చి మరల పంపెను. కోట్లకొలది ఇండ్లకు చేరిన యంత్రమునకు కూడ మరమ్మతుతోనే జీవితము ప్రారంభమైనదని విద్యార్థులు గుర్తింపదగును.

ఫ్యామికామును పోలిన అనుకరణ పెట్టెలను తైవాను, చైనాలలో విస్తారముగా చేసిరి. 1990 దశకమున మన పట్టణములకు వచ్చినవి ఎక్కువగా ఇవియే. పిల్లలు పెట్టెను ‘టీవీ గేము’ అనియు, అందులో దూర్చు ఆట బిళ్లను ‘క్యాసెట్టు’ అనియు పిలిచిరి. అందులో టేపు లేకున్నను ఆ పేరే స్థిరపడెను. కొనలేని పిల్లలు గంట లెక్కన అద్దె చెల్లించి దుకాణములలో ఆడిరి. చెడిపోయిన పెట్టె రేడియోలు, టేపు రికార్డర్లు బాగుచేయు మనిషి బల్లమీదికి చేరెడిది. ఆయన చేతిలో దాని నిర్మాణ పటము లేదు. కడ్డీ, టంకము, మల్టీమీటరు, అనుభవము మాత్రమే ఉండెడివి.

పెట్టెలో ఏమున్నది?

ఈ యంత్రములో ఇద్దరు పనివారు కలరని భావింతము. ఒకడు లెక్కలు చేయును, మరియొకడు బొమ్మ గీయును. మొదటివాడు ప్రాసెసరు. జపాను పెట్టెలో అతడు క్షణమునకు సుమారు 17 లక్షల 90 వేల తాళములతో పనిచేయును. శబ్దమును పుట్టించు భాగమును అతనిలోనే ఇమిడియున్నది. రెండవవాడు చిత్రకారుడు, తెరపై ప్రతి గీతను సమయము తప్పకుండ గీయుట అతని విధి. ఒక్కొక్కరికి 2,048 బైట్ల జ్ఞాపకస్థలము మాత్రమే కలదు. మీరు చదువుచున్న ఈ వ్యాసమును దాచుటకు కూడ అది చాలదు.

ఇంత కొంచెము స్థలముతో నిండు తెర బొమ్మ ఎట్లు వచ్చెను? తెరపై అడ్డముగా 256, నిలువుగా 240 చుక్కలు కలవు. మొత్తము 61,440. చుక్క కొక్క బైటు చొప్పున దాచవలెనన్న ఉన్న స్థలమునకు 30 రెట్లు కావలెను. ఇంజనీర్లు కనిపెట్టిన ఉపాయము అచ్చుకూటమును ఎరిగినవారికి సులభముగా బోధపడును. అచ్చుకూర్చువాడు ప్రతి పుటకు క్రొత్తగా అక్షరములు చెక్కడు. గళ్లపెట్టెలోని సీసపు అక్షరములను ఏరి పేర్చును. అట్లే ఆట క్యాసెట్టులో 8 చుక్కల వెడల్పు, 8 చుక్కల ఎత్తు గల చిన్న బొమ్మముక్కలు 256 చొప్పున రెండు పేటికలుగా ఉండును. తెరపై అడ్డముగా 32, నిలువుగా 30, వెరసి 960 గళ్లు. ఏ గడిలో ఎన్నవ ముక్కను పెట్టవలెనో ఆ సంఖ్యను మాత్రము దాచినచో చాలును. 960 బైట్లు సంఖ్యలకు, 64 బైట్లు రంగులకు, కలిపి 1,024. రెండు తెరలకు సరిగా 2,048. ఈ లెక్కను నల్లబల్లపై వేసి చూపిన ఉపాధ్యాయునకు, గుణకారము ఎందుకు నేర్వవలెనని ఏ పిల్లవాడును మరల ప్రశ్నింపడు.

పరుగెత్తు మనుష్యులు, ఎగురు పక్షులు వేరుగా గీయబడును. అట్టి కదలెడి ముక్కలు ఒక తెరపై 64 ఉండవచ్చును గాని, ఒక్క అడ్డగీతపై 8కి మించరాదు. తొమ్మిదవది కనబడదు. అందుచేత ఆటను వ్రాసినవారు ముక్కలను వంతులవారీగా చూపుదురు. అప్పుడు బొమ్మలు మిణుకుమిణుకుమనును. దీనిని రోగమని తలచి పెట్టెను విప్పినవాడు వృథాగా శ్రమపడును. యంత్రమునకు ఏది స్వభావము, ఏది దోషము అను వివేకమే మరమ్మతు విద్యకు మొదటి మెట్టు.

గుణములు, దోషములు

ఈ వివేకము మన సీమకు క్రొత్తది కాదు. కడప జిల్లా పోరుమామిళ్లలో ఒక గొప్ప చెరువు కలదు. విజయనగర రాజగు బుక్కరాయల కుమారుడు భాస్కరుడు దానిని నిర్మించెను. క్రీ.శ. 1369 నాటి అచ్చటి శిలాశాసనము రాజప్రశస్తితో ఆగలేదు. మంచి చెరువునకు కావలసిన పండ్రెండు అంగములను వరుసగా చెప్పి, ఆ వెంటనే ఆరు దోషములను కూడ పేర్కొనెను. కట్టనుండి నీరు ఊరుట, చవుటి నేల, చెరువు నడుమ మిట్ట, కొద్ది నీటికి పెద్ద ఆయకట్టు మొదలగునవి ఆ దోషములలోనివి. వేయిమంది కూలీలు, నూరు బండ్లు రెండేండ్లు పనిచేసినట్లును శాసనము తెలుపుచున్నది. చెరువును త్రవ్వించి చక్కగా నిలుపువారికి దశబంధ మాన్యము లిచ్చు ఆచారము ఈ సీమలో ఉండెను. కట్టించుట ఎంత పుణ్యమో, గండి పూడ్చుట అంత బాధ్యత అని ఆనాటివారు తలచిరి.

నిర్మాణ రహస్యమును రాతిపై చెక్కి నలుగురి యెదుట నిలిపిన శాసనమును ఒకవైపు, పేర్లు చెరిపిన బిళ్లలతో పటము లేకుండ వచ్చు నేటి వస్తువును మరియొకవైపు ఉంచి చూడుడు. మొదటిది బాగుచేయువానిని ఆహ్వానించుచున్నది. రెండవది అతనిని గడప వెలుపల నిలుపుచున్నది.

నాలుగు రోగములు, నాలుగు పరీక్షలు

ఆటపెట్టెకు సాధారణముగా వచ్చు రోగములు నాలుగు. ప్రతిదానిలోను ఒక శాస్త్రపాఠము కలదు.

మొదటిది, దీపము వెలుగకుండుట. పెట్టెలోని బిళ్లలకు 5 వోల్టులు కావలెను. అడాప్టరు 9 లేక 10 వోల్టు లిచ్చును. నడుమనుండు మూడు కాళ్ల 7805 అను రెగ్యులేటరు మిగిలిన వోల్టులను వేడిగా మార్చివేయును. 9 వోల్టులు వచ్చి, అర ఆంపియరు ప్రవాహము నడచుచున్నదనుకొందము. 4ను అరతో గుణించిన 2 వాట్ల వేడి పుట్టును. చవుక అడాప్టరు 12 వోల్టు లిచ్చినచో ఆ వేడి మూడున్నర వాట్లకు పెరుగును. మే నెలలో కర్నూలు గదిలో గాలియే 40 డిగ్రీలు దాటియుండగా ఈ వేడి పోవుటకు తావుండదు. రెగ్యులేటరు వీపున బిగించిన అల్యూమినియము రేకు వదులైనదేమో ముందుగా చూడవలెను. మరియొక సంగతి: ఫ్యామికాము అడాప్టరు మొనలో నడిమి భాగము ఋణధ్రువము. ఇతర వస్తువుల అడాప్టర్లలో అది తరచు ధనధ్రువముగా నుండును. మొన సరిపోయినదని గ్రుచ్చినచో పెట్టెకు ఆపద రావచ్చును. మల్టీమీటరుతో ఒక్కసారి చూచుట ఆ నష్టమును తప్పించును.

రెండవది, తెరపై బొమ్మలు చెదరుట. ఫ్యామికాము క్యాసెట్టునకు 60 లోహపు పళ్లు కలవు. వానిలో ప్రాసెసరు వైపు చిరునామాలు తెలుపునవి 15, సమాచారము తెచ్చునవి 8. రెండును పదునైదు మార్లు గుణించిన 32,768. అన్ని గదులను ఆ 15 తీగలతో పిలువవచ్చును. అందు ఒక పంటిపై మట్టి పట్టి, ఆ తీగ ఎల్లప్పుడు సున్నగానే తోచినదనుకొనుడు. అప్పుడు సగము గదులకు, అనగా 16,384 గదులకు, పిలుపు చేరదు. ఇంటి నంబరులో ఒక అంకె చెరిగిన ఉత్తరము పొరుగింటికి చేరినట్లు, ప్రాసెసరు వేరొక గదిలోని ఆజ్ఞను చదివి తబ్బిబ్బగును. సమాచారపు తీగలలో చివరిది పోయినచో 7 అన్నది 6గాను, 9 అన్నది 8గాను వినబడును. సరిసంఖ్యలకు మాత్రము హాని లేదు. పాట సరిగా వినబడుచు, ఆట నడచుచు, బొమ్మలు మాత్రమే చెడినచో దోషము చిత్రకారుని వైపు పళ్లలో నున్నదని ఊహింపవచ్చును.

ఇట్టి సమయమున పిల్లలందరు చేసిన చికిత్స ఒక్కటే: క్యాసెట్టును తీసి నోటితో ఊదుట. గుణము కనబడినమాట నిజము. కాని కారణము ఊపిరి కాదు. తీసి మరల పెట్టునప్పుడు పళ్లు ఒరసికొని శుభ్రపడును. ఊపిరిలోని తేమ లోహమునకు క్రమముగా చిలుము పట్టించును. ఐసోప్రొపైల్ ఆల్కహాలులో తడిపిన దూదితో తుడుచుటయే సరియైన పద్ధతి. కార్యము వెంట వచ్చినదెల్ల కారణము కాదని తర్కశాస్త్రము చెప్పు మాటకు ఇంతకంటె చక్కని ఉదాహరణము దొరకదు.

మూడవది, చేతి మీటలు పలుకకుండుట. జాయ్‌స్టిక్కు అని వాడుకలో పిలిచెడి పలకపై ఎనిమిది మీటలు కలవు. కాని దాని పనికి అయిదు తీగలే చాలును. విద్యుత్తునకు రెండు, ‘ఇప్పుడు పట్టుకొనుము’ అను ఆజ్ఞకు ఒకటి, ‘తరువాతిది చెప్పుము’ అను తాళమునకు ఒకటి, జవాబునకు ఒకటి. పలకలోని 4021 అను బిళ్ల ఎనిమిది మీటల స్థితిని ఒక్కమారు పట్టి, తాళము వేసిన కొలది ఒక్కొక్కటిగా చెప్పును. హాజరుపట్టీలో పేర్లు పిలిచినట్లు మొదట ‘ఏ’ మీట, తరువాత ‘బి’, పిదప తక్కినవి వరుసగా వచ్చును. తాళపు తీగ మెడవద్ద తెగినచో ఏమి జరుగును? పిలుపు మొదటి పేరువద్దనే ఆగును. ‘ఏ’ నొక్కిన ఎనిమిదియు నొక్కినట్లు తోచును. తక్కిన ఏ మీట నొక్కినను ఉలుకు పలుకు ఉండదు. పెట్టెను విప్పకయే ఏ తీగ తెగినదో చెప్పుటకు ఈ యోచన చాలును. విప్పుట తరువాతి పని. ఆలోచించుట ముందు పని.

నాలుగవది, ముసలితనము. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లలో ద్రవము ఉండును. ఏండ్లు గడచిన కొలది అది ఎండును. పరిసరముల వేడి పది డిగ్రీలు పెరిగిన వాని ఆయువు ఇంచుమించు సగమగునని ఇంజనీర్ల స్థూలసూత్రము. శబ్దములో బుర్రుమను మ్రోత, తెరపై అలలవంటి గీతలు దీని గుర్తులు. క్రొత్త కెపాసిటరు వెల స్వల్పము. దానిని అమర్చుటకు కావలసినది టంకము పెట్టు నేర్పు. బంగారు వర్తకమునకు పేరొందిన ప్రొద్దుటూరులో స్వర్ణకారులు టంకమును తరతరములుగా ఎరుగుదురు. లోహములు వేరైనను రెంటి నియమమొక్కటే: అతుకువలసిన చోటు శుభ్రముగా నుండవలెను, రెండు వైపులు సమముగా వేడెక్కవలెను, మొదటి తాకిడికే అతుకు పడవలెను.

మన వాతావరణమునకు తగిన జాగ్రత్త మరియొకటి కలదు. ఎండిన గాలిలో మనిషి ఒంటిపై స్థిరవిద్యుత్తు సులభముగా చేరును. పలకను ముట్టుటకు ముందు భూమికి కలిసియున్న లోహమును తాకుట మంచిది. ఇక నీటి ముప్పు అరుదైనను లేకపోలేదు. 2009 అక్టోబరు 2న కర్నూలు పట్టణమును వరద ముంచెత్తెను. మునిగిన ఎలక్ట్రానిక్ వస్తువును పనిచేయునో లేదో చూడవలెనను ఆత్రముతో మీట వేయుటయే దానికి నిజమైన మరణము. ఒండ్రును మంచినీటితో కడిగి, ఆల్కహాలుతో తుడిచి, తేమ బొత్తిగా ఆరిన పిదపనే విద్యుత్తు నీయవలెను.

నల్లని బొట్టు

ఇంతవరకు చెప్పిన చికిత్సలన్నిటికి ఒక హద్దు కలదు. తరువాతి కాలపు అనుకరణ పెట్టెలలో ప్రాసెసరును, చిత్రకారుని ఒకే సిలికాను ముక్కపై చేర్చి, పలకపై అంటించి, మీద నల్లని జిగురు బొట్టు వేసిరి. తయారీ వెల తగ్గెను, వస్తువు పేదవాని ఇంటికి చేరెను. ఇది కొట్టివేయరాని మేలు. కాని ఆ బొట్టు క్రింద దోషము పుట్టినచో దానిని తీయుటకు మార్గము లేదు. పెట్టె చవుక అగుటకు మనము చెల్లించిన వెల ఇది.

అసలు తయారీదారు మాటయు విందము. నింటెండో సంస్థ 2003లో ఫ్యామికాము తయారీని, విడిభాగములు కొరవడుటచే 2007 అక్టోబరు 31న దాని మరమ్మతును ఆపివేసెను. ఇరువది నాలుగేండ్లు సేవచేసిన సంస్థను తప్పుపట్టుట న్యాయము కాదు. అయితే ఆ దినము నుండి ప్రపంచములోని ఆ పెట్టెలన్నిటి ఆయువు సంస్థ చేతినుండి తొలగి, దానిని అర్థము చేసికొన్న సామాన్యుల చేతికి వచ్చెను. తెలిసినవారు ఉన్నంతకాలమే అవి బ్రదుకును.

ఈ సంగతి ఆటపెట్టెలతో ముగియదు. నేడు పొలములలోని మోటారు స్టార్టరు, బడిలోని కంప్యూటరు, ప్రతి చేతిలోని ఫోను ఇదే ప్రశ్నను వేయుచున్నవి. మన ప్రభుత్వము 2022 డిసెంబరులో ‘మరమ్మతు హక్కు’ పేరిట వినియోగదారుల కొరకు ఒక సమాచార వేదికను నెలకొల్పెను. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన ఎలక్ట్రానిక్ వ్యర్థముల నియమములు వీడియో గేములను కూడ తమ జాబితాలో చేర్చుకొనెను. చట్టము హక్కు నీయగలదు. చేతికి నేర్పు నీయవలసినది బడి.

2016లో మొదలైన పథకము క్రింద అనేక పాఠశాలలలో అటల్ టింకరింగ్ ల్యాబులు వెలసినవి. వానిలో పిల్లలు క్రొత్త పరికరములను కూర్చుట నేర్చుచున్నారు. దానితోపాటు చెడిన వస్తువును పరీక్షించుటయు ఒక పాఠ్యాంశము కావలెనని ఉపాధ్యాయులకు మనవి. ఒక మూల కడపరాతి బండ పరచిన బల్ల, ఒక మల్టీమీటరు, ఒక కడ్డీ, అటకమీద పడియున్న పాత ఆటపెట్టె ఒకటి చాలును. 5 వోల్టులతో నడచు పలకను పిల్లలు నిర్భయముగా పరీక్షింపవచ్చును. అయితే పాత టెలివిజను పెట్టెను మాత్రము విప్పనీయరాదు. దాని గాజుగొట్టములో మీట ఆర్పిన పిదప కూడ వేల వోల్టులు నిలిచియుండవచ్చును. అడాప్టరును తెరువరాదు, అందు 230 వోల్టుల ఇంటి విద్యుత్తు ఉండును.

నేటి ఫోనులోని బిళ్లలో వందల కోట్ల ట్రాన్సిస్టర్లు కలవు. దానినంతయు ఒక్క మనిషి మనస్సులో నిలుపుకొనుట అసాధ్యము. పాత ఆటపెట్టెయో, పదవ తరగతి విద్యార్థి ఒక సెలవుకాలములో ఆద్యంతము గ్రహింపదగిన యంత్రము. ప్రతి తీగ ఎందుకున్నదో చెప్పగల యంత్రము ఒక్కటైనను జీవితములో ఎరిగినవాడు, తక్కిన యంత్రముల ముందు చేతులు కట్టుకొని నిలువడు. అట్టి పెట్టెలు ఇంకను మన ఇండ్ల అటకలపై కొన్ని మిగిలియున్నవి. పాత ఇనుప సామానువాని తక్కెడలో వాని వెల కొలది రూపాయలు. తరగతి గదిలో వాని వెల వేరు. ఈ వేసవి సెలవులలో అటకను దులుపునప్పుడు అట్టిది కనబడినచో, దానిని బయట పారవేయక బడికి పంపుడు.